లంగ్ క్యాన్సర్‌లో ఇమ్యునోథెరపీ: ఏ రకానికి ఎంత పనిచేస్తుంది, రిపోర్టులో ముందు ఏం చూడాలి?

మూసీగట్టు అడిగారు:

నమస్తే అందరికీ. హైదరాబాద్‌లో క్యాన్సర్ రోగుల కుటుంబాలకు రిపోర్టులు తెలుగులో విడమర్చి చెప్పే వాలంటీర్ల కోసం ఒక నోట్ రాస్తున్నాం. నోటి క్యాన్సర్, బ్రెస్ట్ క్యాన్సర్ భాగాలు అయిపోయాయి. లంగ్ దగ్గరికొచ్చి ఆగిపోయాం.

ఎక్కువమంది అడిగేది ఇదే: "పక్క బెడ్ ఆయనకూ లంగ్ క్యాన్సరే కదా, ఆయనకు ఇమ్యునో ఎక్కిస్తున్నారు, లేచి తిరుగుతున్నాడు. మా అమ్మకు మాత్రం ఎందుకు రాయలేదు?" అడెనో, స్క్వామస్, స్మాల్ సెల్ అని కాగితం మీద రాసున్న రకాల పేర్లకు, ఈ మందు పనిచేయడానికీ సంబంధం ఏమిటో అంకెలతో సహా కావాలి.

ఇంకో చిక్కు. పీడీ-ఎల్1 (క్యాన్సర్ కణాల పొర మీద ఉండే ఒక ప్రోటీన్) 80 శాతం అని రిపోర్ట్ వస్తుంది, ఇంట్లోవాళ్లు ఇమ్యునోకు సిద్ధపడతారు. తీరా ఈజీఎఫ్ఆర్ (గడ్డను నడిపే ఒక జీన్) పాజిటివ్ అని డాక్టర్ మాత్రలు రాస్తారు. "ఖరీదైన మందు మాకెందుకు ఇవ్వరు" అని వీళ్ల బాధ. దీన్ని ఎలా విప్పి చెప్పాలి? జీన్ రిపోర్ట్ వచ్చేదాకా రెండు మూడు వారాలు రోగిని అలా కూర్చోబెట్టడమేనా? సైడ్ ఎఫెక్టుల్లో ఇంటివాళ్లు కనిపెట్టాల్సినవి, ఖర్చు దగ్గర చూసుకోవాల్సినవి కూడా చెప్తే మేలు.

కీమోచార్ట్ (మెడికల్ ఆంకాలజీ) జవాబు:

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. తప్పు ఎక్కువగా జరిగేది అక్కడే, జరిగాక సరిదిద్దుకోలేనిదీ అదే.

పీడీ-ఎల్1 రిపోర్ట్ కొద్ది రోజుల్లో చేతికొస్తుంది, జీన్ రిపోర్ట్ ఆలస్యమవుతుంది. ముందొచ్చిన కాగితంలో పెద్ద అంకె కనపడగానే ఇంట్లో ఆత్రం మొదలవుతుంది. అయితే ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ (జీన్‌లో మార్పు) ఉన్న గడ్డలో పీడీ-ఎల్1 ఎంతున్నా ఆ అంకెను నమ్ముకోలేం. ఈజీఎఫ్ఆర్, పీడీ-ఎల్1 రెండూ పాజిటివ్ ఉన్నవాళ్లకు మొట్టమొదటి మందుగా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునో మందు ఇచ్చి చూసిన ఒక ట్రయల్‌ను 11 మంది దగ్గరే ఆపేశారు. వాళ్లలో ఒక్కరికి గడ్డ తగ్గింది. ఆ ఒక్కరి గడ్డను తిరిగి పరీక్షిస్తే అందులో ఈజీఎఫ్ఆర్ మ్యుటేషనే లేదని తేలింది.

కారణం ఇది. ఇమ్యునో మందు క్యాన్సర్‌ను నేరుగా చంపదు. మన రోగనిరోధక టీ-కణాల మీద పడిన బ్రేకును తీస్తుంది, అంతే. బ్రేకు తీశాక ఆ కణాలు గడ్డను పరాయిదని గుర్తుపట్టాలి. ఏళ్ల తరబడి సిగరెట్, బీడీ పొగ తగిలిన ఊపిరితిత్తిలో పుట్టిన గడ్డలో వందల కొద్దీ మ్యుటేషన్లు ఉంటాయి, కాబట్టి పట్టుకోవడానికి ఆనవాళ్లు బోలెడు. పొగ అలవాటే లేనివాళ్లలో వచ్చే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే గడ్డలు ఒక్క జీన్ నడిపేవి. ఆనవాళ్లు తక్కువ, చుట్టూ టీ-కణాలూ తక్కువ. అక్కడ పీడీ-ఎల్1 పెరిగేది చాలావరకు ఆ జీన్ సిగ్నల్ వల్లే, టీ-కణాల దాడికి ఎదురుగా కాదు. అందుకే అంకె పెద్దదైనా మందు పనిచేయదు.

2019లో అచ్చయిన ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీ లెక్కలు ఈ తేడాను బాగా చూపిస్తాయి. ఇమ్యునో ఒక్కటే ఇచ్చినప్పుడు గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గినవాళ్లు కేరాస్ మ్యుటేషన్‌లో 26 శాతం, బీరాఫ్‌లో 24, మెట్‌లో 16, ఈజీఎఫ్ఆర్‌లో 12, రెట్‌లో 6 (ఇవన్నీ జీన్ల పేర్లే). ఏఎల్‌కేలో ఒక్కరూ లేరు. మన దేశంలో అడెనో రోగుల్లో ఇంచుమించు నాలుగో వంతు ఈజీఎఫ్ఆర్ పాజిటివ్ కాబట్టి ఇది అరుదైన సంగతి అనుకోవడానికి లేదు.

పనిచేయకపోతే పోనీ, ఇచ్చి చూద్దాం అనుకోవడానికీ వీల్లేదు. పెంబ్రోలిజుమాబ్ హాఫ్ లైఫ్ (మందు ఒంట్లో సగానికి తగ్గే కాలం) మూడు వారాలు, టీ-కణాల మీద దాని పట్టు నెలల పాటు ఉంటుంది. ఇమ్యునో ఎక్కించాక ఈజీఎఫ్ఆర్ మాత్ర ఓసిమెర్టినిబ్ మొదలుపెట్టినవాళ్లను పరిశీలిస్తే 41 మందిలో ఆరుగురికి తీవ్రమైన రియాక్షన్లు వచ్చాయి. చివరి ఇమ్యునో డోసు నుంచి మూడు నెలలు దాటకుండా మాత్ర మొదలుపెట్టినవాళ్లలో అది దాదాపు నాలుగో వంతు. ఓసిమెర్టినిబ్, డర్వాలుమాబ్ (ఇంకో ఇమ్యునో మందు) కలిపి ఇచ్చిన ట్రయల్‌లో 38 శాతం మందికి ఊపిరితిత్తుల వాపు వచ్చి ఆ భాగాన్ని నిలిపేశారు. ముందు మాత్ర, తర్వాత ఇమ్యునో అనే వరుసలో ఈ ప్రమాదం అంతగా కనపడలేదు. కాబట్టి "మీకు ఇమ్యునో నిరాకరించలేదు, మీ గడ్డకు సరిపోయే మందు ఆ మాత్రే, అది దెబ్బతినకూడదనే ఇమ్యునోను దూరం పెట్టారు" అని ఇంటివాళ్లకు చెప్పండి. మాటలో మోసం లేదు, ధైర్యమూ ఉంది.

మరి జీన్ రిపోర్ట్ వచ్చేదాకా ఏం చేయాలి? రోగి స్థిమితంగా ఉంటే ఆగడమే. ఆయాసం పెరుగుతుంటే, నీరు చేరుతుంటే మొదటి సైకిల్ కీమో ఒక్కటే ఇవ్వాలి: కార్బోప్లాటిన్, పెమెట్రెక్సెడ్. రిపోర్ట్ నెగెటివ్ వస్తే రెండో సైకిల్ నుంచి ఇమ్యునో కలుపుతాం. 21 రోజుల తేడాతో రోగి నష్టపోయేది చాలా తక్కువ. పెమెట్రెక్సెడ్ అనుకున్నప్పుడు ఫోలిక్ యాసిడ్ రోజూ, బీ12 1,000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ ఒకటి వారం ముందే మొదలవ్వాలి, కాబట్టి బయాప్సీ అడెనో అని తేలిన రోజే వాటిని రాసిపెడితే ఆ వారం కలిసొస్తుంది.

ఇప్పుడు రకాలవారీగా. కింది మొదటి రెండు వర్గాల అంకెలు ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లేనివాళ్లవి అని గుర్తుపెట్టుకోండి.

నాలుగో దశ, పీడీ-ఎల్1 50 శాతం పైన: పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో ఐదేళ్ల తర్వాత 31.9 శాతం బతికున్నారు, కీమోతో మొదలుపెట్టినవాళ్లలో 16.3. అది కూడా కీమో వైపువాళ్లలో చాలామంది తర్వాత ఇమ్యునోకు మారాక వచ్చిన అంకె. అయినా గడ్డ పెద్దదై, లక్షణాలు ముదిరి ఉంటే ఈ వర్గంలోనూ కీమో కలపడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇమ్యునో ఒక్కటే పట్టు దొరికించుకునేలోపు చేజారేవాళ్లు కొందరుంటారు.

అడెనోలో పీడీ-ఎల్1 ఎంతైనా: పెమెట్రెక్సెడ్, ప్లాటినం (కార్బోప్లాటిన్ లాంటి కీమో), పెంబ్రోలిజుమాబ్ మూడూ కలిపితే ఐదేళ్లకు 19.4 శాతం, కీమో ఒక్కటే అయితే 11.3. కేరాస్‌తో పాటు ఎస్‌టీకే11 లేదా కీప్1 జీన్ చెడి ఉంటే ఫలితం తగ్గుతుంది. జీన్ రిపోర్టులో ఈ రెండు పేర్లు కనపడితే ఇంటివాళ్లకు ఆశను కొంచెం తగ్గించి చెప్పాలి.

స్క్వామస్‌లో పెమెట్రెక్సెడ్ పనిచేయదు. అక్కడ కార్బోప్లాటిన్‌కు తోడు పాక్లిటాక్సెల్ లేదా నాబ్-పాక్లిటాక్సెల్, దానికి పెంబ్రోలిజుమాబ్. ఐదేళ్లకు 18.4 శాతం, కీమో ఒక్కటే అయితే 9.7. స్క్వామస్‌కు టార్గెట్ మాత్రలు దాదాపు లేవు గనుక ఇమ్యునో రాక వీళ్లకు నిజంగా పెద్ద మలుపు. పొగ తాగిన స్క్వామస్ రోగికి జీన్ రిపోర్ట్ కోసం చికిత్స ఆపక్కర్లేదు. జన్మలో పొగ ముట్టనివాళ్లకు స్క్వామస్ అని వస్తే మాత్రం పరీక్ష చేయించాల్సిందే.

స్మాల్ సెల్ విచిత్రమైన జబ్బు. మ్యుటేషన్లు మెండు, దాదాపు అందరూ పొగ తాగినవాళ్లే, లెక్కప్రకారం ఇమ్యునో బ్రహ్మాండంగా పనిచేయాలి. చేయదు. ఆ కణాలు తమ ఆనవాళ్లను బయట చూపించే అణువులనే దాచేస్తాయి. ముదిరిన దశలో కార్బోప్లాటిన్, ఎటోపొసైడ్‌లకు అటెజోలిజుమాబ్ (ఇదీ ఇమ్యునోయే) కలిపితే మధ్యస్థ ఆయువు (సగం మంది దాటిన కాలం) 10.3 నుంచి 12.3 నెలలకు పెరిగింది. రెండు నెలలేనా అనిపిస్తుంది. ఇంకో ట్రయల్‌లో డర్వాలుమాబ్ కలిపినవాళ్లను మూడేళ్ల దగ్గర చూస్తే 17.6 శాతం బతికున్నారు, కలపనివాళ్లలో 5.8. అంటే ఎక్కువమందికి దక్కేది కొంచెమే గానీ, కొద్దిమందికి చాలా దక్కుతుంది. ఆ కొద్దిమంది ఎవరో ముందే చెప్పే పరీక్ష లేదు. స్మాల్ సెల్‌లో పీడీ-ఎల్1 చేయించడం డబ్బు దండగ. జబ్బు ఛాతీలో ఒక పక్కకే ఉండి కీమో-రేడియేషన్ పూర్తయినవాళ్ల సంగతి వేరు: ఆ తర్వాత డర్వాలుమాబ్ ఇస్తే మధ్యస్థ ఆయువు 33.4 నుంచి 55.9 నెలలకు వెళ్లింది. ఈ ఫలితం 2024లోనే వచ్చింది, పాత నోట్లలో ఉండదు.

మూడో దశ, ఆపరేషన్ కుదరని నాన్ స్మాల్ సెల్ (అడెనో, స్క్వామస్ లాంటి, స్మాల్ సెల్ కాని రకాలు): కీమో-రేడియేషన్ అయ్యాక ఏడాది పాటు డర్వాలుమాబ్. ఐదేళ్లకు 42.9 శాతం, లేకపోతే 33.4. రేడియేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలవ్వాలి, కాబట్టి మందు అనుమతి కాగితాలు రేడియేషన్ మధ్యలోనే కదిలించాలి. ఇక్కడా ఈజీఎఫ్ఆర్ ఉంటే డర్వాలుమాబ్ వద్దు, ఓసిమెర్టినిబ్: జబ్బు ముదరకుండా నిలిచిన కాలం 39.1 నెలలు, మాత్ర లేకుండా 5.6.

ఆపరేషన్‌కు ముందు మూడు సైకిళ్లు నివోలుమాబ్ అనే ఇమ్యునో, కీమో కలిపి ఇస్తే తీసిన భాగంలో బతికున్న క్యాన్సర్ కణమే లేనివాళ్లు 24 శాతం, కీమో ఒక్కటే అయితే 2.2. అందుకే ఆపరేషన్‌కు పనికొచ్చే గడ్డ అనగానే నేరుగా సర్జన్ డేట్ తీసుకోకుండా ఒకసారి ట్యూమర్ బోర్డులో (అన్ని విభాగాల డాక్టర్లు కలిసి చర్చించే చోట) పెట్టించమనండి.

కార్సినాయిడ్ అనే మెల్లగా పెరిగే రకానికి ఈ మందులతో ఒరిగేది దాదాపు ఏమీ లేదు. సార్కోమటాయిడ్ (అరుదైన ఇంకో రకం) అని రాసుంటే భయపడొద్దు, పేరు కఠినంగా ఉన్నా పీడీ-ఎల్1 ఎక్కువుండి ఇమ్యునోకు బాగా లొంగేవి అందులో ఉంటాయి.

మైనపుబ్లాక్ (పాథాలజీ) జవాబు:

పై జవాబంతా మంచి బయాప్సీ ముక్క దొరికితేనే ఉపయోగం. ఆ ముక్క సంగతి చెప్తా.

పీడీ-ఎల్1 శాతం అంటే రక్తంలో మోతాదు కాదు, జబ్బు తీవ్రతా కాదు. స్లైడ్ మీద బతికున్న క్యాన్సర్ కణాల్లో ఎన్నింటి పొరకు రంగు పట్టిందో లెక్క. దాన్ని టీపీఎస్ అంటారు. కనీసం 100 కణాలు ఉంటేనే లెక్కించాలి. "కణాలు సరిపోలేదు" అని రాస్తే అది నెగెటివ్ కాదు, మళ్లీ చేయాలని అర్థం. ఇంటివాళ్లు దాన్ని సున్నా అని చదువుకుంటారు, మీ నోట్‌లో ఈ ఒక్క వాక్యం తప్పక పెట్టండి.

రిపోర్టులో ఏ యాంటీబాడీ (రంగు పట్టించే పదార్థం) వాడారో చూడండి. 22సీ3, ఎస్‌పీ263 దాదాపు ఒకేలా చదువుతాయి. ఎస్‌పీ142 గడ్డ కణాలను తక్కువగా చూపిస్తుంది. రెండు ల్యాబుల అంకెలు తేడాగా వస్తే ముందు అనుమానించాల్సింది దీన్ని. ఒకే గడ్డలో ఒక మూల 70, ఇంకో మూల 10 ఉండటమూ మామూలే, సూది ఏ మూల దిగిందన్నదాన్ని బట్టి అంకె మారుతుంది.

ముక్క పాడయ్యే దారులు మూడు. ముక్కను నిల్వచేసే ఫార్మలిన్‌లో 6 గంటలకు తక్కువైనా, 48 గంటలు దాటినా రంగూ జీన్ పరీక్షా రెండూ దెబ్బతింటాయి. శనివారం సాయంత్రం తీసిన బయాప్సీకి సోమవారం పండగ సెలవు తగిలిందంటే ఆ హద్దు దాటిపోతుంది. రెండోది ఎముక. గట్టి ఎముకను మెత్తబరచడానికి ఆమ్లంలో వేస్తే డీఎన్ఏ ముక్కలైపోతుంది, జీన్ పరీక్ష ఫెయిల్. ఎముక తప్ప వేరే చోటు లేదంటే ఈడీటీఏ వాడమని ముందే చెప్పాలి. మూడోది, చిన్న ముక్క మీద పది రకాల రంగులు వేసి బ్లాక్ (ముక్కను పొదిగిన మైనపు దిమ్మ) ఖాళీ చేయడం. అడెనోకు టీటీఎఫ్1, స్క్వామస్‌కు పీ40, ఈ రెండే చాలాసార్లు సరిపోతాయి. స్మాల్ సెల్ అనుమానం ఉంటే సినాప్టోఫైసిన్ లాంటివి. మిగిలిన మైనం జీన్ పరీక్షకు దాచాలి. సీటీ చూస్తూ కోర్ బయాప్సీ తీసేటప్పుడే "జీన్ పరీక్షకు కూడా" అని ఫారం మీద రాస్తే అదనంగా రెండు మూడు ముక్కలు తీస్తారు, బ్లాకులూ వేరువేరుగా కడతాం.

ముక్క చాలకపోతే రక్తంలో జీన్ పరీక్ష ఉంది. అందులో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. నెగెటివ్ వస్తే నమ్మకూడదు, గడ్డ నుంచి డీఎన్ఏ రక్తంలోకి రాలకపోయి ఉండొచ్చు.

ఇంకో మాట. ఒక దవాఖాన నుంచి ఇంకో దవాఖానకు మారేటప్పుడు జనం సీటీ ఫిల్ములు మోసుకెళ్తారు, బ్లాకులు వదిలేస్తారు. అడిగి రసీదు మీద తీసుకోవచ్చు. ఎండాకాలం కారు డ్యాష్‌బోర్డ్ మీద పెడితే మైనం కరుగుతుంది, చేతి సంచిలో నీడన పెట్టుకోండి.

మూసీగట్టు:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. "సరిపోలేదు అంటే సున్నా కాదు" అన్నది మా నోట్‌లో లేదు, ఇప్పుడే చేర్చాను. ఇంకో రెండు అడగాలి. టీబీ మందులు వాడినవాళ్లు, వాడుతున్నవాళ్లు చాలామంది వస్తారు, వాళ్లకు ఇమ్యునో ఇవ్వొచ్చా? అలాగే "చిన్న డోసు ఇమ్యునో" అని విని వచ్చి అడుగుతున్నారు, అది లంగ్‌కు వర్తిస్తుందా?

గాలితిత్తి (పల్మనాలజీ) జవాబు:

టీబీ సంగతి నేను చెప్తాను. ఇక్కడ రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. ఎక్స్‌రేలో మచ్చ, దగ్గు, బరువు తగ్గడం చూసి కఫం పరీక్షలో ఏమీ రాకపోయినా టీబీ మందులు మొదలుపెట్టి రెండు మూడు నెలలు పోగొట్టుకోవడం ఒకటి. క్యాన్సర్ అని తేలాక పక్కనే నిజంగా ఉన్న టీబీని వదిలేయడం రెండోది. ఇమ్యునోకు ముందు సీటీలో పై భాగంలో గుంటలు, చెట్టుకొమ్మ మొగ్గల్లాంటి చుక్కలు కనపడితే కఫం లేదా బ్రాంకోస్కోపీ నీటిని సీబీనాట్ అనే టీబీ పరీక్షకు పంపండి. పాత, మానిన టీబీ ఇమ్యునోకు అడ్డం కాదు. చురుగ్గా ఉన్న టీబీ అయితే ముందు టీబీ మందులు, కఫం శుభ్రపడ్డాక ఇమ్యునో. బ్రేకు తీసిన టీ-కణాలు టీబీ ఉన్న చోట వాపును రెచ్చగొట్టగలవు, అందుకే ఈ క్రమం.

ఇమ్యునో మీద ఉన్న రోగికి కొత్తగా ఆయాసం వస్తే నాలుగు అనుమానాలు ఒకేసారి పెట్టుకోవాలి: మందు వల్ల న్యుమోనైటిస్ (ఊపిరితిత్తుల వాపు), ఇన్‌ఫెక్షన్, టీబీ, జబ్బే పెరగడం. రేడియేషన్ అయినవాళ్లకు ఐదోది రేడియేషన్ వాపు. అది సాధారణంగా రేడియేషన్ పడిన హద్దులోనే ఉంటుంది, ఇమ్యునో వాపు రెండు పక్కలా చెదురుమదురుగా వస్తుంది. ఎక్స్‌రే చాలదు, సీటీ కావాలి.

ఇంట్లో చేయాల్సింది సులువు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కొనండి. మొదటి డోసుకు ముందే కూర్చుని ఒకసారి, వరండాలో ఆరు నిమిషాలు నడిచి ఒకసారి అంకె రాసుకోండి. తర్వాత ఎప్పుడైనా నడిచాక మామూలు కన్నా 4 పాయింట్లు పడిపోయినా, పొడి దగ్గు కొత్తగా మొదలైనా అదే రోజు ఫోన్ చేయాలి. దగ్గు సిరప్, వీధి చివర యాంటీబయాటిక్ కోర్సు అని వారం గడిపితే అదే ప్రాణం మీదికి వస్తుంది.

న్యుమోనైటిస్ అని తేలితే వార్డులో జరిగేది ఇలా: మామూలు తీవ్రత అయితే ఇమ్యునో ఆపి ప్రెడ్నిసొలోన్ కిలోకు 1 మి.గ్రా. ఆక్సిజన్ అవసరమైతే అడ్మిషన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కిలోకు 1 నుంచి 2 మి.గ్రా., ఇక ఆ ఇమ్యునో మళ్లీ ఇవ్వరు. స్టెరాయిడ్‌ను కనీసం 4 నుంచి 6 వారాలు తీసుకుని మెల్లగా దింపాలి. చాలామంది పది రోజులకే ఊపిరి ఆడుతోందని మానేస్తారు, వాపు రెట్టింపై తిరిగొస్తుంది. ప్రెడ్నిసొలోన్ రోజుకు 20 మి.గ్రా. పైన నాలుగు వారాలు దాటితే ఇన్‌ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ కూడా ఇవ్వాలి. మన దగ్గర షుగర్ లేని ఇల్లు తక్కువ కాబట్టి స్టెరాయిడ్ మొదలైన రోజు నుంచే గ్లూకోమీటర్ పక్కన ఉండాలి.

కీమోచార్ట్:

దానికి కొనసాగింపుగా. ముందే చేయించి పెట్టుకోవాల్సిన రక్తపరీక్షలు: టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, ఉదయం కార్టిసాల్, లివర్, క్రియాటినిన్, షుగర్, హెచ్‌బీఎస్ఏజీ, హెచ్‌సీవీ, హెచ్ఐవీ. ఈసీజీ, ట్రోపోనిన్ కూడా. మొదటి అంకె లేకపోతే తర్వాత పెరిగిందో లేదో తెలియదు.

థైరాయిడ్ మందగించడం తరచుగా వస్తుంది, మాత్రతో సర్దుకుంటుంది, ఇమ్యునో ఆపక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, సోడియం తగ్గడం కలిసొచ్చినప్పుడు: కార్టిసాల్ చూడకుండా థైరాక్సిన్ ఒక్కటే మొదలుపెట్టకూడదు, అడ్రినల్ కుప్పకూలుతుంది. ముందు హైడ్రోకార్టిసోన్, తర్వాతే థైరాక్సిన్. రోజుకు నాలుగైదుసార్లు నీళ్ల విరేచనాలు ఎక్కువైతే అది తిండి తేడా అనుకోవద్దు. పాత షుగర్ రోగికి ఉన్నట్టుండి దాహం, వాంతులు మొదలైతే కీటోన్లు (ఇన్సులిన్ లేనప్పుడు రక్తంలో పెరిగే ఆమ్లాలు) చూడాలి, ఇమ్యునో వల్ల ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోయే షుగర్ అరుదుగానైనా వస్తుంది. కషాయాలు, ఆకు పొడులు వాడుతుంటే దాచకుండా చెప్పమనండి. లివర్ అంకెలు పెరిగినప్పుడు కారణం ఏదో తేల్చుకోలేక మంచి మందును ఆపాల్సి వస్తుంది.

చిన్న డోసు గురించి: ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు తల, మెడ క్యాన్సర్‌లో నివోలుమాబ్ 20 మి.గ్రా. మూడు వారాలకోసారి, నోటి మాత్రలతో కలిపి ఇచ్చి ఏడాది బతికినవాళ్లను 16.3 నుంచి 43.4 శాతానికి తీసుకెళ్లారు. గొప్ప పని. అయితే అది ఆ జబ్బులో, ఆ మాత్రలతో కలిపి వచ్చిన ఫలితం. లంగ్‌లో పూర్తి డోసు కొనగలిగినవాళ్లకు దాన్ని ప్రత్యామ్నాయంగా చూపించను. ఏమీ కొనలేని పరిస్థితిలో డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

చల్లపెట్టె (ఆంకో ఫార్మసీ) జవాబు:

ఇక్కడ కొంచెం విభేదిస్తాను. 20 మి.గ్రా.కూ పూర్తి డోసుకూ మధ్యలో ఆధారమున్న దారి ఒకటుంది, దాన్ని ఎవరూ ఇంటివాళ్లకు చెప్పరు. పెంబ్రోలిజుమాబ్ లేబుల్ డోసు మూడు వారాలకు 200 మి.గ్రా., అంటే 100 మి.గ్రా. వయల్స్ రెండు. కానీ లంగ్ క్యాన్సర్ ట్రయల్‌లోనే కిలోకు 2 మి.గ్రా. వాడి చూశారు, కిలోకు 10 మి.గ్రా.తో సమానంగా పనిచేసింది. కెనడా, నెదర్లాండ్స్‌లో బరువు లెక్కనే ఇస్తున్నారు. 50 కిలోల రోగికి అది సరిగ్గా ఒక వయల్. మన రోగుల్లో ఆ బరువువాళ్లు ఎందరో. ఖర్చు సగమవుతుంది. ఆంకాలజిస్ట్‌ను నేరుగా అడగండి.

వయల్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట కొని తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్‌కు వయల్ నేరుగా తగలకూడదు, మధ్యలో అట్ట పెట్టాలి. గడ్డకడితే ప్రోటీన్ చెడిపోతుంది, ఆ వయల్ పారేయాల్సిందే. ఊపకూడదు. కలిపాక గది ఉష్ణోగ్రతలో 6 గంటల్లోపు ఎక్కడం పూర్తవ్వాలి, కాబట్టి రక్తపరీక్షలు చూసి డాక్టర్ సరేనన్నాకే కలపమనండి. లైన్‌లో సన్న ఫిల్టర్ ఉండాలి, అరగంటలో ఎక్కుతుంది. అదే రోజు కీమో ఉంటే ముందు ఇమ్యునో, తర్వాత కీమో.

నకిలీల విషయంలో కఠినంగా ఉండండి. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా ఖాళీ అయిన అసలు వయల్స్ కొని, వాటిలో ఫంగస్ మందు నింపి అమ్మింది. "సగం ధరకు ఇప్పిస్తాం" అన్నవాడి దగ్గర కొనొద్దు. బిల్లు మీద బ్యాచ్ నంబర్, పెట్టె మీద, వయల్ మీద ఉన్నవి మూడూ ఒకటేనా చూడండి. ఎక్కించడం అయ్యాక మీ కళ్ల ముందే లేబుల్ చించి వయల్ పగలగొట్టమని సిస్టర్‌ను మర్యాదగా అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

డబ్బు సంగతి. డర్వాలుమాబ్, ఓసిమెర్టినిబ్‌ల మీద 2024లో కస్టమ్స్ సుంకం తీసేశారు, జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత కొటేషన్ పట్టుకుని అప్పు చేయకండి, కొత్తది అడగండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది గానీ పరిమితి వేరు, ప్యాకేజీ జాబితా వేరు. మీకు రాసిన మందు జాబితాలో ఉందా అని ఆరోగ్యమిత్ర దగ్గర పేరుతో సహా అడగాలి. ప్రైవేట్ బీమా ఉంటే పాలసీలో "ఆధునిక చికిత్సలు" అన్న చోట మోనోక్లోనల్ యాంటీబాడీ (ఈ ఇమ్యునో మందులు ఆ కోవవే) వరుస వెతకండి. 10 లక్షల పాలసీ అయినా ఆ వరుసకు విడిగా చిన్న పరిమితి ఉండొచ్చు. మూడో డోసు దగ్గర అది తెలిస్తే మధ్యలో ఆగిపోతుంది. అలాగే కంపెనీల సహాయ పథకాల్లో ఎన్ని కొంటే ఎన్ని ఉచితమో మొదటి డోసుకు ముందే నమోదు చేయించుకోవాలి, కొన్నాక చేరతామంటే ముందటివి లెక్కలోకి రాకపోవచ్చు.

మూసీగట్టు:

అందరికీ కృతజ్ఞతలండీ. చివరిగా ఒక్కటి. మొదటి స్కాన్‌లో గడ్డ పెద్దదైనట్టు కనపడితే "అది మందు పనిచేస్తున్న గుర్తే" అని కొందరు చెప్పుకుంటున్నారు. నిజమేనా? మందు ఎప్పటిదాకా వాడాలి?

కీమోచార్ట్:

టీ-కణాలు చేరి గడ్డ ఉబ్బినట్టు కనపడటం ఉంది, కానీ లంగ్‌లో నూటికి కొద్దిమందికే. మొదటి స్కాన్ 6 నుంచి 9 వారాల మధ్య తీస్తాం. సైజు పెరిగినా రోగి ఆకలి, నడక మెరుగైతే 4 నుంచి 8 వారాలు ఆగి మళ్లీ తీయొచ్చు. సైజూ పెరిగి రోగీ నీరసిస్తుంటే అది జబ్బే, ఆశతో ఇంకో రెండు డోసులు కొనిపించకూడదు.

నాలుగో దశలో పెంబ్రోలిజుమాబ్ గరిష్ఠంగా రెండేళ్లు, మూడు వారాల లెక్కన 35 డోసులు. రెండేళ్లు పూర్తిచేసినవాళ్లలో చాలామంది ఆపాక కూడా నిలకడగా ఉన్నారు. రియాక్షన్ వల్ల మధ్యలో ఆపాల్సి వచ్చినా అప్పటిదాకా దక్కిన ఫలితం చాలామందిలో కొనసాగుతుంది, భయపడొద్దు.

ఆపాక నెలల తర్వాత కూడా రియాక్షన్ రావచ్చు. ఏ ఊరి దవాఖానకు వెళ్లినా చూపించడానికి పర్సులో ఒక కార్డు పెట్టించండి: మందు పేరు, చివరి డోసు తేదీ, ఆంకాలజీ డ్యూటీ ఫోన్ నంబర్, "స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు, ఆపే ముందు ఫోన్ చేయండి" అన్న ఒక్క వాక్యం. తెలుగులో ఒక వైపు, ఇంగ్లిష్‌లో ఇంకో వైపు.